కార్డు మీద నా సంతకం

రెండు వేల పదో సంవత్సరం, ఆగస్టు నెల, ఉదయం పదకొండు గంటలకు ఆ ఎడారి సైనిక పోస్టులో దిగాను. బస్సు తలుపు తెరుచుకోగానే పెనం మీద మూత తీసినట్టు వేడి ముఖానికి కొట్టింది. గేటు గోడకున్న థర్మామీటరు నూట తొమ్మిది ఫారన్‌హీట్ చూపిస్తోంది. నా దగ్గర రెండు కాన్వాసు సంచులు, హెల్మెట్, రెండు జతల బూట్లు, ఒక కుట్టుపెట్టె ఉన్నాయి. చుట్టూ చదునైన ఇసుక నేల, ముళ్ల పొదలు. ఉత్తరాన ఫీనిక్స్ గంటన్నర దారి. మిగతా మూడు వైపులా ఏమీ లేదు.

ఏడాది డ్యూటీ. పని పారాచూట్లు విప్పడం, చూడటం, ఆరబెట్టడం, మడవడం. సైనికురాలినంటే మన వాళ్లు తుపాకీ గురించే అడుగుతారు. ఆ ఏడాది నేను తుపాకీ పట్టిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. సూది రోజూ పట్టాను.

సైన్యంలో చేరేనాటికి నాకు ముప్పై మూడేళ్లు. కదిరి దగ్గర పుట్టాను. బడి ముఖం చూడలేదు. పెళ్లయి టెక్సాస్‌లో ప్లేనో వచ్చాక, ఇరవై ఆరో ఏట, లైబ్రరీలో పెద్దవాళ్ల క్లాసులో ఇంగ్లీషు అక్షరాలు దిద్దాను. పక్క అపార్ట్‌మెంట్ ఆవిడ దగ్గర తెలుగు చదవడం, రాయడం నేర్చుకున్నాను. తర్వాత హైస్కూలుతో సమానమైన పరీక్ష పాసయ్యాను. అప్పట్లో బట్టలు సరిచేసే దుకాణంలో పని. సైన్యంలోకి మనుషుల్ని చేర్చుకునే సార్జెంటు ఒకడు ప్యాంటు అంచు కుట్టించుకోవడానికి వచ్చి, నా కుట్టు వెలుతురుకు ఎత్తి చూసి, పారాచూట్ల పని తెలుసా అని అడిగాడు. రెస్టారెంట్‌లో వంట చేసే మా ఆయన వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు ఫారాలు నింపుకోమని డైనింగ్ టేబుల్ ఖాళీ చేసి ఇచ్చాడు.

మా ప్యాకింగ్ షెడ్డు ఒక స్టాఫ్ సార్జెంటు చేతిలో ఉండేది. నలభై దాటిన ఆవిడ. రెండు మోకాళ్లకూ పట్టీలు. మొదటి రోజే నన్ను "టైలర్" అంది. ఏడాదంతా అదే నా పేరు.

షెడ్డులో పొడవాటి బల్లలు. ఒక చివర పారాచూట్ గుడ్డ, రెండో చివర తాళ్లు. ఇద్దరు చెరో చివరా నిలబడి బిగించి పట్టాలి. ప్రతి పారాచూట్‌కూ ఒక కార్డు ఉంటుంది. ఎవరు మడిచారో, ఏ రోజు మడిచారో దాని మీద రాసి సంతకం చేయాలి. మాలో ఒక పద్ధతి ఉంది. ఏ రోజైనా ఏ అధికారైనా షెడ్డులోకి రావచ్చు. మడిచి పెట్టిన వాటిలో ఒకదాని మీద చెయ్యి వేసి, "ఇది నువ్వే వేసుకుని దూకు" అనొచ్చు. మడిచిన మనిషి కాదనకూడదు. కారణం చెప్పకూడదు. అందుకే అక్కడ ఎవరి పారాచూట్ అయినా మనది అనుకునే మడుస్తాం. నన్ను అలా మూడుసార్లు దూకించారు. మూడుసార్లూ చెయ్యి వేసింది స్టాఫ్ సార్జెంటే.

మొదటి వారం నేను కార్డు మీద అక్షరం తర్వాత అక్షరం పేర్చి పేరు రాసేదాన్ని. ఒక్కో కార్డుకు నిమిషం పట్టేది. ఆమె పక్కన కూర్చుంది.

"టైలర్, ఇది సంతకం కాదు. నువ్వు పేరుకు బొమ్మ గీస్తున్నావు. చెయ్యి ఎత్తకుండా రాయి."

పాత కార్డుల వెనక నాలుగు సాయంత్రాలు నాతో రాయించింది. ముందు తను రాసేది, కింద నేను. చివరికి నా పేరు ఒక్క గీతలో వచ్చింది. మా ఆయనకు ఫోన్ చేసి మరీ చెప్పాను. పని పుస్తకంలో అర్థంకాని పేజీలు కూడా ఆమే వేలు పెట్టి చదివించింది. మా అమ్మ తర్వాత నా పక్కన కూర్చుని అంత ఓపిక చూపించిన మనిషి ఆమే.

ఆమె వారాంతాల్లో దగ్గర్లోని ఒక ప్రైవేటు జంప్ సెంటర్‌లో, విమానం నుంచి దూకడం నేర్పే శిక్షకురాలు. ఆమె మాట మీదే నేను పౌరుల పారాచూట్లు మడిచే లైసెన్సు పరీక్ష రాశాను. నవంబరులో వచ్చింది. దాంతో పాటు నాకంటూ ఒక గుర్తు, దాన్ని సీసపు బిళ్ల మీద నొక్కే పట్టకారు వచ్చాయి.

ఇది కొంచెం వివరంగా చెప్పాలి. దూకే మనిషి వీపు మీద రెండు పారాచూట్లుంటాయి. మెయిన్‌ను ప్రతి జంపు తర్వాతా మడుస్తారు. అది తెరుచుకోకపోతే రెండోది, రిజర్వు. రిజర్వును ఆరు నెలలకోసారి లైసెన్సు ఉన్నవాళ్లు విప్పి, పరీక్షించి, మళ్లీ మడిచి, ఎర్ర దారం కట్టి, సీసపు ముద్ర వేసి, కార్డు మీద సంతకం చేయాలి. లోపల ఏముందో ఇక ఎవరూ చూడరు. ముద్రను చూసి నమ్ముతారు. శీతాకాలంలో కొన్ని వారాంతాలు నేను ఆ సెంటర్‌లో రిజర్వులు మడిచాను.

ఫిబ్రవరిలో ఆర్డరు వచ్చింది. మంచు కొండల్లో శిక్షణకు పన్నెండు వారాలు. రెండు సంచులే తెచ్చుకోమన్నారు. పట్టకారు స్టాఫ్ సార్జెంటు బీరువాలో పెట్టి వెళ్లాను.

"భద్రం," అన్నాను.

"నా మోకాళ్లకంటే భద్రంగా చూసుకుంటా," అంది.

ఏప్రిల్ ఆఖరున తిరిగొచ్చాను. పట్టకారు పెట్టినచోటే ఉంది.

మేలో ఒక ఆదివారం ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో మన సరుకుల షాపుకు వెళ్లాను. డ్యూటీ నుంచి నేరుగా యూనిఫామ్‌తోనే. వెనక నుంచి ఒక గొంతు.

"అక్కా, మీరు తెలుగా? ఆర్మీ డ్రెస్‌ల కందిపప్పు కొంటున్రు!"

"సిపాయిలకు పప్పు పెట్టకూడదని రూలుందా?"

అలా పరిచయం శ్రావ్య. వరంగల్ పిల్ల. మాస్టర్స్ రెండో సెమిస్టర్ అయిపోయింది. నా పని ఏమిటో చెప్పగానే సరుకుల బండి పక్కకు తోసి ఫోన్ తీసింది. స్కైడైవింగ్ నేర్చుకోవాలని ఆరు నెలలుగా మూడు సెంటర్ల పేర్లు దాచుకుందట.

"ఏది బుక్ చేయాల్నో సమజ్ అయితలేదు అక్కా. మూడింటికీ ఫైవ్ స్టార్సే. మా అమ్మకు చెప్పలే. మీరు ఓకే అంటే చేస్తా, లేకుంటే బంద్."

"ఫోటోలు చూసి ఎట్లా తేలుస్తావమ్మా? మడిచే గది చూడల్ల. రిజర్వు కార్డు చదవల్ల. గాలి ఎక్కువైతే ఇంటికి పంపిస్తారా, దూకమంటారా, అది చూడల్ల."

"అయితే మీరు రావాల్నే."

తర్వాతి శనివారం ఆ పిల్ల పాత కారులో మూడూ తిరిగాం. ఉదయం ఏడింటికి బయల్దేరాం.

మొదటిచోట కాఫీ మెషిను, గోడ నిండా టీవీ, దూకుతూ కేకలు వేసే మనుషుల వీడియోలు. మడిచే గదికి తాళం. చూపించమంటే, "ఇన్సూరెన్స్ రూల్స్, మేడమ్," అన్నాడు. వచ్చేశాం.

రెండోది రెండు గంటల దూరం. రేకుల షెడ్డు. ఒక ముసలాయన గాలి కొలిచే మీటరు చూసి, కుర్చీలోంచి లేవకుండానే చెప్పాడు. "పద్దెనిమిది మైళ్లు. కొత్తవాళ్లకు పద్నాలుగు దాటకూడదు. ఇంటికెళ్లండి." మడిచే గది తలుపు బార్లా తీసే ఉంది. వెళ్లి చూసుకోమని గడ్డంతో చూపించాడు.

"రెండు గంటలు డ్రైవ్ చేసొస్తే మనిషి మంచిగ ముఖం కూడ చూడలే," అని శ్రావ్య కారెక్కి గొణిగింది. నాకు ఆయన నచ్చాడు. కానీ ఆ మాట పైకి అనలేదు. ఎందుకంటే మూడోది మా స్టాఫ్ సార్జెంటు సెంటర్.

అక్కడ ఆమె శ్రావ్యను కౌగిలించుకుంది. "టైలర్ చెల్లెలంటే నాకూ చెల్లెలే," అంది. విద్యార్థుల పరికరాలు, రెండు పారాచూట్లూ ఉన్న వీపు సంచులు, గోడకు వరుసగా వేలాడుతున్నాయి. నాలుగో నంబరు శ్రావ్య కొలతకు సరిపోయింది. దాని రిజర్వు కార్డు బయటికి లాగాను. చివరి వరసలో నా సంతకం ఉంది.

ఇక్కడే నేను చేసిన తప్పు. మందు సీసా చీటీ అయినా, బస్సు టికెట్ అయినా, ఇప్పటికీ నేను వేలు పెట్టి మొదటి నుంచి చివరిదాకా చదువుతాను. ఆలస్యంగా చదువు నేర్చినవాళ్లకు ఆ అలవాటు పోదు. ఆ రోజు మాత్రం నా సంతకం కనబడగానే ఆపేశాను. నేను మడిచిందే కదా, ఇంకేం చదవాలి అనుకున్నాను. పక్కనున్న తేదీ చూడలేదు.

"ఇదిగో, మీ అక్క సంతకం," అని శ్రావ్యకు చూపించాను కూడా.

"అయితే ఫిక్స్," అంది ఆ పిల్ల.

జూన్‌లో మొదలుపెట్టింది. మొదటి నాలుగు జంపులప్పుడు నాకు డ్యూటీ. ఐదోదానికి వెళ్లాను. ఉదయం ఆరూ నలభై. గాలి నాలుగు మైళ్లు. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. పదమూడు వేల అడుగుల నుంచి దూకుతారు. పక్కనే ఒక శిక్షకుడు దూకుతాడు. పారాచూట్ తెరుచుకున్నాక ఆ పిల్ల ఒక్కతే. కింద నుంచి రేడియోలో దారి చెబుతారు. రేడియో స్టాఫ్ సార్జెంటు చేతిలో ఉంది.

"శ్రావ్యా, ఎడమ తాడు లాగు. ఇంకా. చాలు, వదిలెయ్. బాగుంది."

నేను పక్కన నిలబడ్డాను. అంత ప్రశాంతమైన గొంతు ఇంకెవరి దగ్గరా వినలేదు.

"కాళ్లు దగ్గరికి. తొందరొద్దు. ఆగు... ఆగు... ఇప్పుడు. రెండూ కిందికి."

ఇసుకలో నిలబడి దిగింది. రెండు చేతులూ పైకెత్తి అరిచింది.

"అక్కా! చూసిన్రా? కింద పడలే! నిలబడే దిగిన!"

నేను చప్పట్లు కొట్టాను. గుడ్డంతా చేతుల్లో పోగేసుకుని నవ్వుతూ నా దగ్గరికి నడిచొచ్చింది. బరువు తీయమని నా వైపు వీపు తిప్పింది.

పరికరం భుజాన వేసుకుని మడిచే గదికి తీసుకెళ్లి బల్ల మీద పెట్టాను. దాని జేబులోంచి కార్డు సగం బయటికొచ్చి ఉంది. లోపలికి తోయబోయి, అలవాటు కొద్దీ వేలు పెట్టి చదివాను. మార్చి రెండో వారం. ఆ వారం నేను మంచులో ఉన్నాను. నడుము లోతు మంచులో, రెండు వందల మంది సాక్షులతో.

మిగతావి చూశాను. నాలుగో నంబరుతో కలిపి మొత్తం పదకొండు. ఐదింటి మీద నా సంతకం, అదే వారం. ఒక్క గీతలో. నాకే తేడా తెలియలేదు.

ఎనిమిదీ పదికి స్టాఫ్ సార్జెంటు లోపలికొచ్చింది. నేను నాలుగో నంబరు మీద చెయ్యి వేశాను.

"సార్జెంట్. ఇది మీరు వేసుకుని దూకండి. మెయిన్ వదిలేసి రిజర్వు మీద దిగండి."

నవ్వబోయింది. నా చెయ్యి చూసింది. నవ్వు ఆగిపోయింది.

"మోకాలు బాగాలేదు, టైలర్."

"నిన్న కూడా బాగాలేదు. నిన్న రెండుసార్లు దూకారు."

ఆమె చెయ్యి చాచలేదు. అంతకుముందు నన్ను మూడుసార్లు దూకించిన మనిషి ఒక్కసారి కూడా దాన్ని ముట్టుకోలేదు.

"సీజన్ మొదలైపోయింది. గడువు దాటినవి పదకొండు. అన్నీ ఒకే వారం నేనే మడిచానంటే ఇన్‌స్పెక్టర్ నమ్మడు," అంది చివరికి. "అందుకే కొన్ని నీ పేరు మీద, నీ పట్టకారుతో."

"మడవకుండా."

"బయటి నుంచి చూశాను. బాగానే ఉన్నాయి."

"నా సంతకం ఎట్లా పెట్టగలిగారు?"

"నీకు నేర్పింది నేనే కదా," అంది. కోపంగా కాదు. బీరువా తాళం ఎక్కడుందో చెప్పినట్టు చెప్పింది.

కత్తెర తీసుకుని ఎర్ర దారం తెంపాను. గుడ్డ బయటికి తీశాను. తాళ్లు పట్టి ఉంచే రబ్బరు బ్యాండ్లు వేడికి కరిగి జిగురులా అంటుకుపోయాయి. లాగితే తాడుతో పాటు సాగాయి. మడతల్లో పాత ఇసుక. ఆ రిజర్వు తెరుచుకునేదేమో. తెరుచుకోకపోయేదేమో. ఆ 'ఏమో' లేకుండా చేయడానికే మాకు జీతమిచ్చేది.

తలుపు దగ్గర శ్రావ్య నిలబడి ఉంది. చేతిలో నీళ్ల సీసా. అంతా విన్నది.

"ఐదు సార్లు ఇదే ఏసుకొని దూకిన అక్కా."

కత్తెర బల్ల మీద పెట్టాను.

"మీ సంతకం చూసే కద నేను సరే అన్నది."

"నేనూ అది చూసే సరే అన్నానమ్మా," అన్నాను.

ఆ పిల్ల సీసా మూత పెట్టి, కారు తాళాలు తీసుకుని వెళ్లిపోయింది.

సోమవారం ఉదయం ఆరున్నరకు లెఫ్టినెంట్ ముందు నిలబడ్డాను. మొత్తం విన్నాడు. "రాసి ఇవ్వు," అన్నాడు. మూడు పేజీలు రాశాను. నా జీవితంలో అంత పొడవు ఎప్పుడూ రాయలేదు. మధ్యాహ్నం ఒంటిగంట అయింది. కింద పేరు మాత్రం ఒక్క గీతలో పెట్టలేదు. అక్షరం తర్వాత అక్షరం పేర్చాను.

సెంటర్ రిజర్వులన్నీ విప్పించారు. స్టాఫ్ సార్జెంటును నెల తిరక్కుండా వేరేచోటికి పంపారు. వెళ్లే రోజు నా బల్ల పక్క నుంచే నడిచింది. బల్ల రెండో చివర తాళ్లు పట్టేవాళ్లెవరూ లేరు. అలవాటుగా ఆమె చెయ్యి అటు కదిలింది. పట్టకుండానే వెళ్లిపోయింది. పట్టకారు మరొకరికి అప్పగించినందుకు నా లైసెన్సు కూడా ఆపేశారు. అది న్యాయమే. నేను వాదించలేదు.

శ్రావ్యకు నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. ముసలాయన సెంటర్ అడ్రసు మెసేజ్ పెట్టాను. మూడు వారాలకు జవాబొచ్చింది. "వెళ్లిన అక్కా. కార్డు నేనే చదివిన. తేదీ కూడ." అంతే. నన్ను రమ్మనలేదు.

ఆగస్టులో డ్యూటీ ముగిసింది. రెండు సంచులు, కుట్టుపెట్టెతో ప్లేనోలో దిగాను. మా ఆయన బస్టాండుకు వచ్చాడు. వారానికే పాత దుకాణంలో మళ్లీ మిషను ముందు కూర్చున్నాను. ఇప్పుడు పక్క ఊరు ఫ్రిస్కోలో ఏ ఇంటికి భోజనానికి వెళ్లినా, కాలేజీ పిల్ల ఎవరో ఒకరు నా పక్కన చేరతారు. "ఆంటీ, స్కైడైవింగ్ ఎక్కడ నేర్చుకుంటే బెటర్?" అంటారు. మడిచే గది చూడమని, గాలి ఎక్కువున్న రోజు ఒకసారి వెళ్లి రమ్మని, కార్డు చదవమని చెబుతాను. ఏ సెంటర్ పేరూ చెప్పను.

వాళ్లు అడుగుతున్నంతసేపూ నాకు ఒకటే కనబడుతుంది. ఉదయపు ఎండలో శ్రావ్య ఇసుక మీద నడిచొస్తోంది. నవ్వుతోంది. నేను చప్పట్లు కొడుతున్నాను. దగ్గరికొచ్చి, బరువు తీయమని నా వైపు వీపు తిప్పుతుంది. ఆ వీపు మీద ఎర్ర దారం, సీసపు బిళ్ల, బిళ్ల మీద నా గుర్తు.