ఎత్తి పోసుకున్న నీళ్ళు

రెండువేల తొమ్మిదిలో మా బడి ఫుట్‌బాల్ జట్టుకు నేను రెండో గోల్‌కీపర్‌ని. రెండో గోల్‌కీపర్ అంటే ఆట జరిగినంతసేపూ గీత బయట కూచుని మొదటి గోల్‌కీపర్ ఆరోగ్యం కోసం మనస్ఫూర్తిగా ప్రార్థించేవాడు. నాకు బంతి అంటే భయం. పొడుగ్గా ఉన్నానని పీటీ సార్ నన్ను తీసుకున్నారు. పొద్దున్నే అసెంబ్లీలో నిలబడక్కర్లేదని నేను ఒప్పుకున్నాను. ఈ ఏర్పాటు ఇద్దరికీ సుఖంగానే ఉండేది, స్వైన్ ఫ్లూ వచ్చేదాకా.

ఆ ఆగస్టు నుంచీ ఢిల్లీలో ఎవరి దగ్గూ వాళ్ళ సొంత విషయం కాకుండా పోయింది. బస్సులో ఒకడు తుమ్మితే చుట్టూ నలుగురు కూచునేంత జాగా అయ్యేది. ఢిల్లీ బస్సులో సీటు సంపాదించడానికి అంతకన్నా గట్టి ఉపాయం నేను అంతకుముందు చూడలేదు, తరవాతా చూడలేదు. కొన్ని బళ్ళు మూశారు. మాది కొన్నాళ్ళు మూసి, మళ్ళీ తెరిచారు. పన్నెండో తరగతి వాళ్ళకు వైరస్ కన్నా బోర్డు పరీక్షే ఎక్కువ ప్రమాదమని మా ప్రిన్సిపాల్ నమ్మకం.

ఫుట్‌బాల్ జోనల్ పోటీలు వాయిదా మీద వాయిదా పడి చివరికి ఒక షరతు మీద మొదలయ్యాయి. దగ్గేవాడు, ముక్కు చీదేవాడు, ఒళ్ళు వెచ్చగా ఉన్నవాడు మైదానంలో ఉండకూడదు. అంతే. షరతు చిన్నదే. కానీ దాంతో పదహారు మంది స్నేహితులం పదహారు మంది ఇన్‌స్పెక్టర్లమయ్యాం. ఎవడు గొంతు సవరించుకున్నా మిగతా పదిహేను మెడలు తిరిగేవి. ప్రాక్టీసుకు ముందు గోల్‌గప్పాలు, అంటే పానీపూరీలు, తిని ముక్కు కారుతూ వచ్చినవాణ్ణి రెండు రోజులు ఇంటికి పంపారు. వాడు కారం అని మొత్తుకున్నాడు. ఎవరూ నమ్మలేదు. పీటీ సార్ గేటు దగ్గర నిలబడి అందరి నుదుళ్ళమీదా అరచెయ్యి తిప్పి ఆనించి చూసేవారు. ఎండలో నడిచి వచ్చిన ఢిల్లీ పిల్లవాడి నుదురు చల్లగా ఉంటే అసలు భయపడాల్సింది అప్పుడు. అది ఆయనకు చెప్పే ధైర్యం మాకు లేదు.

నా మీద అనుమానం అందరికన్నా ముందే మొదలైంది. కారణం మా అమ్మ. మేముండేది ఆర్.కె.పురం సర్కారు క్వార్టర్లలో. నాన్న కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి. వ్యాధి గురించి ప్రభుత్వం ఏం చెప్పినా ఆయన పూర్తిగా నమ్మేవారు కాదు, లోపలి మనిషి కాబట్టి. అమ్మ మాత్రం రాజమండ్రి నుంచి ఫోన్లో వచ్చిన ప్రతి సలహానూ నమ్మేది. వాటిలో ఒకటి, కర్పూరం, వాము కలిపి గుడ్డలో మూటగట్టి మెడలో వేసుకోవడం.

"అమ్మా, ఇది వేసుకుని ఫుట్‌బాల్ ఎలా ఆడతారే?"

"నువ్వు ఆడేదెప్పుడులే," అంది అమ్మ.

నిజమే కాబట్టి వేసుకుని వెళ్ళాను. జట్టు వాసన పట్టింది. "ఓయ్ మద్రాసీ, రోగం లేకపోతే ఈ మందు వాసన ఎందుకు?" అన్నాడు కెప్టెన్. వాడి హిందీని తెలుగులోకి తెస్తే పస తగ్గిపోతుంది. ఆంధ్ర అనే చోటు వేరే ఉందని వాడికి మూడేళ్ళుగా చెబుతున్నాను. వాడు ప్రతిసారీ "అచ్ఛా" అని, మద్రాసీ అనేవాడు.

మా మొదటి గోల్‌కీపర్‌ని గోలీ అనేవాళ్ళం. తరగతిలో నా పక్క బెంచీవాడు, మునిర్కా నుంచి వచ్చేవాడు. వాడి లెక్కల మార్కులూ చెప్పుల సైజూ ఒకటే. కానీ గోలు ముందు నిలబడితే వాణ్ణి దాటి దోమ కూడా వెళ్ళలేదు. వాడికి ఆ ఏడాది సెమీ ఫైనల్ ఒక్కటే దారి. ఆ ఆట చూడటానికి జోన్ సెలెక్టర్లు వస్తారు. జోన్ జట్టులోకి తీసుకుంటే ఆ సర్టిఫికెట్‌తో స్పోర్ట్స్ కోటాలో డిగ్రీ కాలేజీ. తీసుకోకపోతే గ్రేటర్ నోయిడాలో వాళ్ళ తావూజీ, అంటే పెదనాన్న, టైర్ల దుకాణం. తావూజీ అప్పటికే దుకాణంలో వాడికి స్టూలు కూడా వేయించేశారట.

విచిత్రం ఏమిటంటే వాడు కోరుకున్నదీ, మా అమ్మ నాకోసం కోరుకున్నదీ ఒకే కాలేజీ. ధౌలా కువాన్‌లో ఉంది. గుడి ట్రస్టు చలవతో పుట్టిన కాలేజీ కనక అందులో సీటు వస్తే సగం ప్రసాదం అని ఢిల్లీ తెలుగు ఆంటీలందరి లెక్క. నేను మార్కులతో వెళ్ళాలి, వాడు చేతులతో.

ఇక నీళ్ళ సంగతి. మా జట్టంతటికీ రెండు సీసాలు. అందరూ నోరు పెట్టే తాగేవాళ్ళు, నేను తప్ప. మా ఇంట్లో వైరస్ గురించి తెలియకముందు నుంచీ ఎంగిలి గురించి తెలుసు. గ్లాసైనా, చెంబైనా, సీసా అయినా పెదవులకు తగలకుండా ఎత్తి పోసుకోవాల్సిందే. మూడేళ్ళుగా అది మా జట్టుకు వేళాకోళం. "పండిత్‌జీ, మా నోళ్ళంటే అంత అసహ్యమా?" అనేవారు. ఫ్లూ వచ్చాక ఒకరోజు పీటీ సార్ నేను నీళ్ళు తాగుతుంటే చూశారు. ఆర్కిమిడీస్ తొట్టిలోంచి లేచినట్టు లేచారు.

"అందరూ వీడిలాగే తాగాలి. ఇవాళ్టి నుంచి ఇదే రూలు. నువ్వు నేర్పు."

అలా నేను జీవితంలో మొదటిసారి ఫుట్‌బాల్ కోచ్‌నయ్యాను. బడి వెనక కుళాయి దగ్గర క్లాసు. తల వెనక్కి వాల్చాలి, గొంతు తెరిచి ఉంచాలి, నీళ్ళు పడుతుండగానే మింగాలి, మింగేటప్పుడు ఊపిరి పీల్చకూడదు. చెబితే ఇంతే. చేస్తే ఒకడికి చొక్కాలోకి, ఒకడికి చెవిలోకి, ఒకడికి ముక్కులోకి వెళ్ళేవి. నాకెవరు నేర్పారో ఇంటికెళ్ళి అడిగాను.

"నేర్పడమేంట్రా? గొంతులో పోశాం, తాగావు," అంది అమ్మ.

బోధనా పద్ధతిగా అది మా జట్టుకు పనికి రాలేదు. నాలుగు రోజులయ్యాక చాలామంది అసలు నీళ్ళు తాగడమే మానేశారు. గోలీ మాత్రం పట్టుదలగా వచ్చేవాడు. ఒక సాయంత్రం చొక్కా పిండుకుంటూ అడిగాడు.

"నిజం చెప్పు. సెమీస్‌లో నేను బయటికి పోతే లోపలికి ఎవడు వస్తాడు?"

"నేను."

"అచ్ఛా," అన్నాడు.

ఢిల్లీలో చాలా ఏళ్ళున్నాను. అచ్ఛాల్లో చాలా రకాలు విన్నాను. ఆ అచ్ఛా లాంటిది మళ్ళీ వినలేదు.

సెమీ ఫైనల్ ఇంకో బడి మైదానంలో. షేక్‌హ్యాండ్‌లు వద్దన్నారు కనక రెండు జట్లూ ఎదురెదురుగా నిలబడి, పెళ్ళికి వచ్చిన రెండు వైపుల చుట్టాల్లాగా, నమస్కారాలు పెట్టుకున్నాం. అంతే నమ్మకంతో. జోన్ తరఫున ఆరోగ్యం చూసే సార్ ఒకాయన వచ్చారు. నల్ల కళ్ళద్దాలు, మాస్కు, మెడలో విజిల్. ముఖంలో కనిపించేది నుదురు మాత్రమే. అది ముడిపడి ఉంది. షామియానా కింద సెలెక్టర్లిద్దరూ రెండు కుర్చీల ఎడంతో కూచున్నారు.

మొదటి సగంలో గోలీ అద్భుతంగా ఆడాడు. గోలు పడాల్సిన రెండు బంతుల్ని వేళ్ళ చివరలతో తోసేశాడు. సెలెక్టర్లలో ఒకాయన రెండో ఆయన వైపు వంగి ఏదో చెప్పబోయి, జబ్బు గుర్తొచ్చి, మళ్ళీ నిటారుగా కూచుని గట్టిగా అడిగాడు. "ఆ పిల్లాడి పేరేంటి?" గోలీ విన్నాడు. మేమంతా విన్నాం.

విరామంలో వాడు సీసా అందుకున్నాడు. నోరు పెట్టి తాగితే ఏ గొడవా ఉండేది కాదు. కానీ పీటీ సార్ చూస్తున్నారు, నల్లద్దాల సార్ చూస్తున్నారు. వాడు నియమం ప్రకారం తల వాల్చి, సీసా ఎత్తి పోసుకున్నాడు. అంతసేపు ఎగిరి దూకి వగరుస్తున్నవాడు ఊపిరి ఆపగలడా? పొలమారింది. మామూలుగా కాదు. ముక్కులోంచి నీళ్ళు, కళ్ళు ఎర్రగా, మైదానం అంతా వినపడే దగ్గు.

నేను ఆలోచించకుండా పరిగెత్తి వాడి నడినెత్తిన గట్టిగా తట్టాను. తెలుగిళ్ళలో పొలమారినవాడికి జరిగే మొదటి వైద్యం అది. నెత్తిన తట్టి, ఎవరో తలుచుకుంటున్నారు అంటాం. ఆ సంగతి మా జట్టుకు తెలియదు. వాళ్ళు చూసింది వేరు. వాడికి ఇలా నీళ్ళు తాగమని నేర్పిందీ నేనే, ఊపిరాడక దగ్గుతుంటే నెత్తిన కొడుతున్నదీ నేనే.

నల్లద్దాల సార్ వచ్చారు. "ఖాఁసీ?" అన్నారు. దగ్గా అని.

"పానీ, సార్," అన్నాడు గోలీ, దగ్గుతూనే. నీళ్ళండీ అని.

"సబ్ యహీ కహతే హైఁ." అందరూ ఇలాగే అంటారు. "బయటికి. ఆ చెట్టు కింద, విడిగా."

వాడు గ్లవ్స్ విప్పి నా మీదికి విసిరాడు. "తీసుకో. ఖుష్?" అన్నాడు. కళ్ళ నీళ్ళు దగ్గువల్లో, మరెందువల్లో నేను చూడలేదు. కెప్టెన్ నా చెవి దగ్గరికి వచ్చి, "సీజన్ మొదటి నుంచీ ఇదే ప్లాన్ కదరా, పండిత్‌జీ?" అన్నాడు. ఆ చోటుని నాకన్నా తక్కువగా కోరుకున్నవాడు ప్రపంచంలో లేడని చెబుదామనుకున్నాను. ఎవరు నమ్ముతారు?

గోలు ముందు నిలబడ్డాను. టీవీలో చూసినప్పుడు ఆ గోలు మంచమంత ఉంటుంది. లోపల నిలబడితే కల్యాణమండపం. మొదటి బంతి నా కర్పూరం మూటకు తగిలి బయటికి పోయింది. అమ్మకు ఆ రోజు చెప్పుంటే ఇంకో మూట కట్టేది. రెండో బంతికి నేను ఒక వైపు దూకాను. బంతికి ఇంకో వైపు నచ్చింది. గోలు.

దాంతో జట్టు అనుమానం మలుపు తిరిగింది. అప్పటిదాకా నేను గోలీ చోటు కొట్టేశానని. ఇప్పుడు ఎదుటి జట్టుతో కుమ్మక్కయ్యానని. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయని ఎవరూ అడగలేదు.

చెట్టు కింద గోలీ మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూచున్నాడు. షామియానాలో సెలెక్టరు ఒకాయన గడియారం చూసుకుని లేవబోతున్నాడు. అప్పుడు ఎదుటి జట్టువాడికి కాలు పట్టేసి ఆట ఆగింది. నల్లద్దాల సార్ నా గోలు వెనకే ఉన్నారు. నేను సీసా తీసుకుని వెళ్ళాను.

"సార్, అది దగ్గు కాదు. ఇలా పైనుంచి తాగితే అలవాటు లేనివాళ్ళకి పొలమారుతుంది. మీరే ఒకసారి తాగి చూడండి."

"నాకు నేర్పుతావా?" అన్నారు ఆయన. "మాది రోహ్‌తక్. లోటాలతో పాలు తాగి పెరిగాం."

"లోటాకి నోరు పెట్టి తాగుంటారు, సార్."

ఆయన మాస్కు కిందికి లాగారు. మొదటిసారి ముఖం చూశాం. మీసం చాలా బాగుంది. సీసా ఎత్తి, మాకు నేర్పేవాడిలా, ధారాళంగా పోసుకున్నారు.

అంత పెద్ద మనిషి అంతసేపు దగ్గుతారని నేను అనుకోలేదు. కళ్ళద్దాలు జారిపోయాయి. రెండు జట్లూ రెండడుగులు వెనక్కి వేశాయి. నెత్తిన తడదామని నా చెయ్యి లేచింది, దాన్ని నేనే పట్టుకున్నాను. దగ్గు తగ్గాక మీసం తుడుచుకున్నారు.

"పానీ థా," అన్నారు ఆయన. నీళ్ళే అని.

పీటీ సార్ చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా అన్నారు. "సబ్ యహీ కహతే హైఁ, సార్."

బడి పోటీల్లో బయటికి వెళ్ళినవాడు మళ్ళీ లోపలికి రావచ్చు. నల్లద్దాల సార్ చెట్టు వైపు చెయ్యి ఊపారు. గ్లవ్స్ ఇస్తుంటే గోలీ నన్నే చూశాడు. థాంక్స్ అనాలో తిట్టాలో తేలక రెండూ మానేశాడు. లేవబోయిన సెలెక్టరు మళ్ళీ కూచున్నాడు. తరవాత వాణ్ణి దాటి ఏదీ వెళ్ళలేదు. మేం ఒక్క గోలు తేడాతో ఓడిపోయాం. ఆ ఒక్కటీ ఎవరి వాటానో గుర్తు చెయ్యడం కెప్టెన్ మర్చిపోలేదు. గోలీని జోన్ జట్టులోకి తీసుకున్నారు.

అంతటితో అయిపోతే బాగుండేది. మర్నాటి నుంచి వారం రోజులు గోలీ బడికి రాలేదు. జ్వరం అని కబురు. మలేరియా అని ఒకరు, వైరల్ అని ఒకరు. నల్లద్దాల సార్ కూడా సెలవులో ఉన్నారని ఎవరో వార్త తెచ్చారు. నీళ్ళవల్ల దగ్గు వచ్చిందా, దగ్గు వస్తుంటే నీళ్ళు సాకుగా దొరికాయా? గోలీ పోగా మిగిలిన పదిహేను మందిమీ ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. పద్నాలుగు మంది చివరికి నా మొహం చూశారు. గోలీ తిరిగొచ్చాక నేను అడగలేదు, వాడు చెప్పలేదు.

మరుసటేడు ధౌలా కువాన్ కాలేజీలో వాడికి సీటు వచ్చింది. నాకు అర శాతం తక్కువైంది. నేను గ్రేటర్ నోయిడాలో ఇంజనీరింగ్ హాస్టల్‌కి వెళ్ళాను. బస్సు వాళ్ళ తావూజీ దుకాణం ముందు నుంచే వెళ్ళేది. స్టూలు ఖాళీగా ఉండేది.

నేను హాస్టల్‌కి వెళ్ళే ముందు వాడు మిఠాయి పెట్టెతో మా ఇంటికి వచ్చాడు. అమ్మ స్టీలు గ్లాసులో నీళ్ళిచ్చింది. వాడు నా వైపు ఒకసారి చూసి, తల వాల్చి, గ్లాసు జానెడు ఎత్తులో పట్టి, ఒక్క చుక్క కింద పడకుండా తాగాడు. నాన్న పేపరు దించి చూశారు.

"చూడరా, మన పిల్లల్లాగే ఎంత శుభ్రంగా తాగాడో," అంది అమ్మ మురిసిపోతూ.

వాడు గ్లాసు కింద పెట్టి, దగ్గాడు.

అలవాటు కొద్దీ అమ్మ చెయ్యి వాడి నెత్తి మీదికి లేచింది. సగంలో ఆగింది. నాన్న పేపరు మళ్ళీ ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

"పానీ, ఆంటీ," అన్నాడు వాడు.

అమ్మ ఓ క్షణం వాడి కళ్ళలోకి చూసింది. తరవాత నెత్తిన మెల్లగా తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారు, నాయనా," అంది. ఆ తరవాత వంటింట్లోకి వెళ్ళి చేతులు కడుక్కుంది. సబ్బు పెట్టి.