సూదక్క వైరం

సూదులతో పని గనక ఆమెకు సూదక్క అని పేరొచ్చిందని వీధికి కొత్తగా వచ్చినవాళ్ళు అనుకునేవారు. ఒక్కసారి ఆమెతో మాట్లాడాక అసలు సంగతి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయేది.

తోలు కుట్టే పాత మిషన్లు బాగుచేయడం ఆమె వృత్తి. బట్టలు కుట్టే ఇంటి మిషన్ల జోలికి వెళ్ళేది కాదు. బూట్లు, బెల్టులు, గుర్రపు జీన్లు కుట్టే మిషన్లు వేరు. పోత ఇనుముతో చేసినవి, నల్లరంగు పెచ్చులూడినవి, ఇద్దరు పట్టుకుంటే గానీ కదలనివి. వాటిని చేసిన కంపెనీలు ఎప్పుడో మూతపడ్డాయి. ముక్క విరిగితే కొత్త ముక్క ఎక్కడా దొరకదు. ఇనుపబద్ద తెచ్చి ఆకురాయితో రోజంతా అరగదీసి, ఆమే తయారుచేసుకోవాలి. పొడుగ్గా, ఇరుగ్గా ఉండే ఆ కొట్టులో కిటికీ కింద కిరసనాయిలు గిన్నెలో స్క్రూలు నానుతూ ఉండేవి. లోపలికి వచ్చినవాళ్ళు కూర్చోవడానికి కుర్చీ ఉండేది కాదు. కూర్చుంటే కబుర్లు చెబుతారని ఆమె వేయించలేదు.

"మిషను పాడైపోయిందక్కా" అంటూ ఎవరైనా గుమ్మంలో నిలబడితే, తల ఎత్తకుండానే అనేది: "మిషను పాడవదు. పాడుచేస్తారు. ఏం చేశావో చెప్పి లోపలికి రా."

తిట్లు తింటూనే జనం వచ్చేవారు. ఆమె సర్దిన మిషను అరచెయ్యి మందం తోలులో కూడా ముత్యాలు గుచ్చినట్టు కుట్టు వేసేది.

ఈ పని ఆమెకు తండ్రి నేర్పాడు. నిజానికి కొడుక్కి నేర్పాలనే చూశాడు గానీ, వాడికి కాలు ఒకచోట నిలిచేది కాదు. కూతురు మాత్రం ఎవరూ పిలవకుండానే వచ్చి పక్కన కూర్చునేది. సూది కిందికంటా దిగి, రవ్వంత పైకి లేచినప్పుడు దారం చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. సరిగ్గా అప్పుడే అడుగునున్న కొక్కెం ముక్కు ఆ ఉచ్చులో దూరాలి. ముందు దూరినా, వెనక దూరినా కుట్టు తప్పుతుంది. పలక పట్టే వయసులోనే ఆమె ఆ తప్పుని చెవితో పట్టేసేది. తండ్రి పోయేముందు రిపేరు కొట్టునీ పనిముట్లనీ కూతురికిచ్చి, వీధికి అవతలున్న కుట్టుగదినీ అందులోని మిషన్లనీ కొడుక్కిచ్చాడు.

తమ్ముడికి ఇది మింగుడుపడలేదు. "కొడుకుని నేనుండగా సుత్తీ పట్టకారూ ఆడపిల్లకి రాసిచ్చాడు" అని ఎక్కడ పడితే అక్కడ అనేవాడు. "సుత్తి వాడికిస్తే వేలు కొట్టుకుంటాడని ఇవ్వలేదు" అని సూదక్క జవాబు చెప్పేది. అలా మొదలైన వైరానికి వాళ్ళ వయసుతో పాటు వయసొచ్చింది. తమ్ముడికి పెళ్ళయ్యాక మరదలు కూడా అందులో చేరింది. ఆ పిల్ల కుట్టుపనిలో గట్టిది. వంపు తిరిగే పట్టీని కూడా గీత గీసినట్టు కుట్టేది. సూదక్క అది చూసి కూడా, "చెయ్యి పరవాలేదు, ముఖమే మాడినట్టుంటుంది" అంది. మరదలు ఆ మాట మరిచిపోలేదు.

తమ్ముడి దగ్గరున్న పెద్ద మిషను మోటారు మీద నడిచేది. పెడలు మీద కాలు పెడితే చాలు, కట్టు తెంచుకున్న గొడ్డులా దూకేది. తోలుకి అంత వేగం పనికిరాదని సూదక్క మోటారుకీ మిషనుకీ నడుమ ఒక పెద్ద చక్రం బిగించింది. దాంతో మిషను ఒక్కో కుట్టే వేస్తూ నింపాదిగా నడిచేది. అప్పుడే తమ్ముడికి గట్టిగా చెప్పింది: "ఈ చక్రం తీశావంటే నీ ఖర్మ."

ఒక ఏడాది తమ్ముడికి సంచుల ఆర్డరు పెద్దది వచ్చింది. గడువు దగ్గరపడింది. మిషను నత్తలా నడుస్తోందని అతనికి చిరాకెత్తింది. ఒక ఉదయం చక్రం ఊడదీసి, కొత్త బెల్టు కొని, మోటారు నుంచి నేరుగా మిషనుకి తగిలించాడు. ఆ మధ్యాహ్నం మరదలు సంచి మూల తిప్పుతుండగా సూది ఆమె ఎడమ చూపుడువేలు మీద దిగి, ఎముకలో విరిగింది.

ఆసుపత్రిలో సూది ముక్క తీశారు. వేలు మాత్రం కర్రలా బిగుసుకుపోయింది. ఇకమీద వంగదన్నారు.

తమ్ముడు వీధి నడుమ నిలబడి, "మా అక్క సర్దిన మిషనే నా పెళ్ళాం వేలు తినేసింది" అన్నాడు. నిప్పు లేనిదే పొగ రాదని వీధివాళ్ళు తలలూపారు. అన్నాళ్ళూ ఆమె తిట్లు మింగినవాళ్ళకి కక్కే అవకాశం దొరికింది. బెల్టుల షాపువాడు రిపేరుకిచ్చిన మిషనుని, సగం విప్పి ఉండగానే తోపుడుబండి మీద వేసుకుపోయాడు. బూట్లు కుట్టే అన్నదమ్ములు గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండానే తమ సామాను అడిగారు.

సూదక్క చేతులు తుడుచుకుని తిన్నగా తమ్ముడి కుట్టుగదికి వెళ్ళింది. అతను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"మిషను చూడాలి. తప్పుకో."

"చేసింది చాలు. ఇంకా చూసేదేముంది?"

అతని భుజం మీదుగా ఆమెకి మిషను కనిపిస్తూనే ఉంది. మోటారు నుంచి పైకి నిటారుగా సాగిన కొత్త బెల్టు నిగనిగలాడుతోంది.

"ఆ చక్రమేదిరా?"

"ఏ చక్రం?"

లోపల మూల స్టూలు మీద మరదలు చేతి కట్టు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సూదక్క ఆమెను అడిగింది: "నువ్వు చెప్పు. చక్రం ఎవరు తీశారు?"

మరదలు మొగుడి వీపు వైపు చూసింది. తరవాత తల దించుకుంది. "నాకేం తెలుసు వదినా. నేను తోలు చూసుకుంటానా, చక్రాలు చూసుకుంటానా."

తమ్ముడు అబద్ధమాడటం సూదక్కకి కొత్తకాదు. ఈ పిల్ల తన వేలు పోగొట్టుకుని కూడా వాణ్ణి కాయడం ఆమెకి ఒళ్ళు మండించింది. "గోరుచుట్టు మీద రోకటిపోటంటారు. నీకైతే రోకలే ముద్దొచ్చినట్టుంది" అనేసి వెనక్కి తిరిగింది.

ఆ తరవాత వచ్చిన రోజులు చేదుగానే గడిచాయి. ఎదురుబొదురు గుమ్మాల్లో అక్కా తమ్ముడూ ఒకరి నీడ ఒకరు తొక్కేవారు కాదు. అతను తన గది ముందు ఊడ్చిన తోలు ముక్కలు గాలికి ఆమె గడప మీదకి వచ్చేవి. ఆమె వాటిని చేటలోకెత్తి, తిరిగి అతని గుమ్మంలోనే బోర్లించేది. జీన్లు కుట్టే మేస్త్రీ ఒక్కడే పాత అలవాటు కొద్దీ ఆమె దగ్గరికి వస్తూ ఉండేవాడు. ఒకనాడు ఆయన మెల్లగా, "పెద్దదానివి, నువ్వే కాస్త తగ్గరాదూ" అన్నాడు.

"తిప్పితే వదులయ్యేది దారం టెన్షను మేస్త్రీ. నేను కాదు."

తమ్ముడు ఇంకెవరో మెకానిక్కుని పిలిపించాడు. అతను మిషనుని వేగంగా ఉంచుతూనే కుట్టు సరిచేయబోయి, కొక్కెం ఉచ్చులో దూరే అదునే చెడగొట్టాడు. కుట్లు తప్పసాగాయి. కొత్తగా పెట్టిన కుట్టుమనిషి భయపడి మానేశాడు. చివరికి తమ్ముడు జీన్ల మేస్త్రీనే రాయబారం పంపాడు, అక్క వచ్చి ఒకసారి చూడాలని.

"నా చెయ్యి పడితే వేళ్ళు తెగుతాయన్నాడుగా. నేనొస్తే ఇంకెవరి వేళ్ళు పోతాయో" అని సూదక్క మళ్ళీ పనిలో మునిగింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది కూడా.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం మరదలు ఒంటరిగా కొట్టులోకి వచ్చింది. కూర్చోవడానికేం లేదు గనక నిలబడే మాట్లాడింది.

"నాకో మిషను సర్దిపెట్టాలి."

"మీ ఆయన మిషను నేను ముట్టుకోను."

"అది కాదు. మీ కొట్టు వెనక పాత బూట్ల ఫ్యాక్టరీ మిషను ఒకటి తుప్పుపట్టి పడుందిగా. అది. నా చేతికి తగ్గట్టు." ఆమె ఎడమచెయ్యి చూపించింది. చూపుడువేలు అందరికీ దారి చూపిస్తున్నట్టు ముందుకు పొడుచుకుని ఉంది. "మీ తమ్ముడు నన్ను జిగురు రాయడానికి కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్ళకల్లా పనికిరాని చెయ్యని చూపిస్తాడు. నేను మళ్ళీ కుట్టాలి."

"ముందు వీధిలో నిలబడి చక్రం ఎవరు తీశారో చెప్పు. అప్పుడు సర్దుతా."

"చెప్పను."

సూదక్క ఆకురాయి కింద పెట్టింది.

"చెబితే మీ బేరాలు మీకొస్తాయి, నా ఇల్లు నాకు పోతుంది" అంది మరదలు. "మీరంటే ప్రేమ పుట్టుకొచ్చి రాలేదు. మీరు నాకు పడరు. ఇన్నేళ్ళలో ఒక్క మంచిమాట అనలేదు. కానీ ఈ చేతికి మిషను సర్దేవాళ్ళు మీరు తప్ప లేరు. ఉంటే అక్కడికే పోయేదాన్ని."

ఆ పిల్ల నోట అంత పొడుగు మాట సూదక్క ఎన్నడూ వినలేదు. కోపం తగ్గలేదు గానీ, ఎదుటి మనిషి కూడా తనలాగే కోపంగా ఉండటం ఆమెకి ఎందుకో నచ్చింది. "రేపు రా" అంది. "ఆలస్యమైతే తలుపు వేసేస్తా."

తుప్పు గీకి, అరిగిన కొక్కెం మార్చి, మిషనుని నిలబెట్టడానికి చాలా రోజులే పట్టింది. తరవాత మరదలిని ముందు కూర్చోబెట్టి ఆమె చేతిని కొలిచింది. వంగని వేలు తోలుని నొక్కిపట్టలేదు, పక్కకి జరపనూలేదు. అందుకని తోలు అంచు ఆనుకుని నడిచేలా ఇత్తడి గట్టు ఒకటి బిగించింది. తోలుని అదిమిపట్టే పాదాన్ని చేత్తో ఎత్తే పని లేకుండా, మోకాలితో తోస్తే లేచేలా బల్ల కింద మీట పెట్టింది. సూది ముందు వేలు దూరకుండా తీగ వంచి కంచె కట్టింది. మోటారు మాత్రం తగిలించలేదు.

"మిషను పక్కనున్న చక్రం చేత్తో తిప్పు."

"చేత్తో కుట్టడానికేనా ఇంత దూరం వచ్చింది?"

"వీధి దాటొచ్చావు, ఏరు దాటి కాదు. తిప్పు."

సూది కదలగానే మరదలి చెయ్యి గజగజ వణికింది. సూదక్క చూసీ చూడనట్టు ఊరుకునే మనిషి కాదు. "వణకనీ. వణికి వణికి అలిసిపోతుంది. నువ్వు తిప్పుతూనే ఉండు" అంది. మరదలు పళ్ళు బిగబట్టి తిప్పింది. మధ్యలో లేచి వెళ్ళిపోయింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. ఇద్దరూ రోజూ తగువుపడ్డారు. మీట ఎత్తు సరిపోలేదని ఒకరంటే, మోకాలే పొట్టిదని ఇంకొకరు అనేవారు. చివరికి సూదక్క మీటని రెండుసార్లు కోసి మార్చింది, తన తప్పని మాత్రం ఒప్పుకోలేదు. చెయ్యి వణకడం మానేశాక మోటారు తగిలించింది. నడుమ వేగం తగ్గించే చక్రం కూడా పెట్టింది. జీన్ల మేస్త్రీ తన జీను పట్టీలు కొన్ని కుట్టడానికిచ్చాడు. కుట్టు చూసి ఇంకొన్ని తెచ్చి పడేశాడు.

పెళ్ళాం మళ్ళీ కుడుతోందని తమ్ముడికి తెలియడానికి ఎన్నో రోజులు పట్టలేదు. ఒక సాయంత్రం మేస్త్రీ, బూట్లు కుట్టే అన్నదమ్ముల్లో పెద్దవాడు కొట్టు దగ్గరుండగానే వచ్చాడు.

"కుట్టగలిగితే మన గదిలో కుట్టు. పరాయి కొట్టులో ఏంటి?" అన్నాడు పెళ్ళాంతో. తరవాత అక్క వైపు తిరిగాడు. "నా పెళ్ళాన్ని నా మీదకి ఎగదోస్తున్నావా?"

"దానికి తాడు కట్టి లాక్కురాలేదురా. కాళ్ళున్నాయి, వచ్చింది."

అతను పెళ్ళాం జబ్బ పట్టుకున్నాడు. "లే. ఆర్డరుంది."

"ఆ మిషను మీద కూర్చోను" అందామె.

"ఏం, ఎందుకు కూర్చోవు?"

"చక్రం లేదు గనక." ఆమె గొంతు పెద్దది చేయలేదు. మోకాలు మీట మీదే ఉంది. "ఆ పొద్దున నువ్వు తీశావు. వద్దన్నాను. చేతకాకపోతే చెప్పు, వేరేవాళ్ళని పెట్టుకుంటానన్నావు. నీ అంతట నువ్వే వీధిలో ఒప్పుకుంటావేమోనని ఇన్నాళ్ళు చూశాను."

తమ్ముడు జబ్బ వదిలేశాడు. మేస్త్రీ వైపు, బూట్లవాడి వైపు చూశాడు. "ఇద్దరూ కలిసి కట్టిన కథ ఇది" అన్నాడు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

సూదక్కకి ఆ క్షణంలో ఎంత సంతోషం కలగాలో అంతా కలిగింది. దాచుకోలేదు. "విన్నావుగా? పోయి మీ తమ్ముడికి కూడా చెప్పు" అంది బూట్లవాడితో. తరవాత మరదలితో, "ఈ ముక్క అప్పుడే అనుంటే నాకింత నష్టం వచ్చేదా?" అంది.

"మీకోసం అనలేదు" అంది మరదలు. ఆగిన చోటి నుంచి మళ్ళీ కుట్టసాగింది.

మరదలు ఆ రాత్రి ఇంటికే వెళ్ళింది. ఇల్లు తనది కూడా అనీ, పొమ్మంటే పోయేది తను కాదనీ మొగుడితో చెప్పింది. ఆ ఇంట్లో వాళ్ళిద్దరూ ఒకే కప్పు కింద, వేరు వేరు మూలల్లో బతకడం మొదలుపెట్టారు. కుట్టేవాళ్ళు దొరక్క తమ్ముడు చివరికి గది మూసేసి, ఊరి చివర ఎవరిదో సంచుల ఫ్యాక్టరీలో సూపర్వైజరుగా చేరాడు. సామాను తరలించిన రోజు పెద్ద మిషను గుమ్మంలో ఇరుక్కుంది. మోసేవాళ్ళు అటూ ఇటూ తిప్పలేక అవస్థపడ్డారు. ఎలా వంచితే బయటికి వస్తుందో సూదక్కకి తెలుసు. తన గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి, గోడ పెచ్చులూడే దాకా చూసి లోపలికి వెళ్ళింది.

బేరాలు తిరిగొచ్చాయి గానీ అన్నీ రాలేదు. సగం వీధి ఇప్పటికీ తమ్ముడి మాటే నమ్ముతుంది. తిరిగొచ్చినవాళ్ళని సూదక్క ఊరికే వదల్లేదు. బెల్టుల షాపువాణ్ణి నెలల తరబడి తిప్పించుకుని గానీ మిషను ముట్టుకోలేదు.

"తోడబుట్టినవాడు. చచ్చేదాకా మాట్లాడవా?" అని మేస్త్రీ ఇంకోసారి అడిగాడు.

"వీధిలో నిలబడి ఏ నోటితో అన్నాడో, అదే చోట నిలబడి ఆ నోటితోనే కాదనమను. మాట్లాడతా."

అతను రాలేదు. ఆమె కబురు పంపలేదు. మరదలు మాత్రం రోజూ వస్తుంది, రాగానే కిటికీ రెక్క తెరుస్తుంది. దుమ్ము పడుతుందని సూదక్క మూస్తుంది. వెలుగు లేకుండా ఎలా కుట్టమంటారని మరదలు మళ్ళీ తెరుస్తుంది. రెక్క ఊడిపోతే కొత్త మడతబందు ఎవరు వేయించాలనే దాని మీద ఈమధ్య పెద్ద తగువే జరిగింది. మూడు రోజులు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఆ మూడు రోజులూ మరదలు పొద్దున్నే వచ్చి, పని చేసుకుని, చీకటి పడకముందే వెళ్ళింది.