గాలికి వదిలిన వసారా

సముద్రపు ఒడ్డున ఉన్న ఆ పేటలో వడ్రంగిని అందరూ గాలి మేస్త్రి అనేవారు. పనిలో గాలివాటం మనిషనుకునేరు, కాదు. ఆకాశం ఓ మూల కాస్త నల్లబడితే చాలు, తింటున్న కంచం ముందు నుంచి లేచి సైకిలెక్కేవాడు. తాను కట్టిన ఇళ్ల చుట్టూ తిరిగి, వాసాలకు కట్టిన మోకులు లాగి చూసేవాడు, చూరు కింద భుజం పెట్టి ఎత్తి చూసేవాడు. కూర్చున్నా కాళ్లు ఆడుతూనే ఉండేవి. "కాలు కాలిన పిల్లిలా ఏమిటా తిరుగుడు?" అని భార్య విసుక్కునేది.

తొమ్మిదేళ్ల కిందటి దాకా అతను ఇలా ఉండేవాడు కాదు.

పని తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. తండ్రి కట్టిన ఇళ్లు పొట్టిగా, ముడుచుకు కూర్చున్నట్టు ఉండేవి. కప్పు నాలుగు వైపులా వాలుగా, చూరు వంగి వెళ్లాల్సినంత కిందకు. వసారా కప్పును మాత్రం ఇంటి కప్పుతో కలపకుండా, వేరే స్తంభాల మీద, జానెడు కిందుగా వేసేవాడు. "పెద్ద గాలి ముందు వసారా కిందకే దూరుతుందిరా. విడిగా ఉంటే అదొక్కటే పోతుంది. కలిపావో, ఇంటి కప్పునూ లాక్కుపోతుంది" అని చెప్పేవాడు.

తండ్రి పోయాక చెల్లెలు ఇల్లు కట్టుకుంది. ఆ జానెడు సందు దగ్గరే పేచీ వచ్చింది.

"వానకి ఆ సందులోంచి నీళ్లు కారి గుమ్మమంతా తడుస్తుంది అన్నయ్యా. ఎదురింటిది చూడు, ఒకే వాలుగా ఎంత ముచ్చటగా ఉందో! నాకూ అలాగే కలిపెయ్."

ఎందుకో చెప్పకుండానే రెండుసార్లు కాదన్నాడు. మూడోసారి ఆమె మూతి ముడుచుకుంది. ఒక్కగానొక్క చెల్లెలు. ఇంటి వాసాలనే ముందుకు సాగదీసి వసారా కలిపేశాడు.

రెండేళ్లకు ఓ మధ్యాహ్నం తుఫాను విరుచుకుపడింది. వసారా కింద దూరిన గాలి ఇంటి కప్పును గిన్నె మీద మూతలా లేపేసింది. దూలం పడి బావ కాలు విరిగింది. తండ్రి కట్టిన ఇళ్లకు వసారాలు పోయాయి గానీ, కప్పులు చెక్కుచెదరలేదు.

"అందరితో పాటు మనకూనూ" అని చెల్లెలు ఊరుకుంది. కప్పు లేచింది కలిపిన వసారా వల్లేనని అన్న చెప్పలేదు. కప్పు మళ్లీ వేసే రోజులకు పొరుగూళ్లో పనుందని వెళ్లిపోయాడు. ఎవరో పనివాళ్లు వచ్చి మునుపటిలాగే కలిపి వేశారు.

అప్పుడు పట్టుకుంది అతనికి ఈ తిరుగుడు. పేటలో కలిపిన వసారా కనిపిస్తే చాలు, ఇంటివాళ్లను బతిమాలి విడదీయించేవాడు. అలా పద్నాలుగిళ్లు చక్కబెట్టాడు. చెల్లెలింటి ముందు మాత్రం సైకిలు ఆపేవాడు కాదు. అక్కడ రంపం తీస్తే ఎందుకో చెప్పాలి. కర్ర ఊతంతో కుంటుకుంటూ ఎదురొచ్చి, "ఏం బావా, కులాసానా?" అని బావ నవ్వితే తల ఊపి సైకిలు పక్క సందులోకి తిప్పేసేవాడు.

ఈ ఏడు, రెండు రోజుల్లో పెద్ద తుఫానని రేడియోలో చెప్పారు. పొద్దున్నే రంపం, మోకులు తీసుకుని చెల్లెలింటికి వెళ్లాడు.

"వసారా కోసేస్తాను."

"మతి పోయిందా నీకు?" అంది చెల్లెలు.

గుమ్మంలో నిలబడే అంతా చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ రంపం పిడి తిప్పుతూనే ఉన్నాడు. బావ ముందు తేరుకున్నాడు. "అయితే కాలు విరిగింది నాకు, కుదురు పోయింది నీకా!" అని నవ్వబోయాడు. చెల్లెలు నవ్వలేదు.

"కలపమన్నది నేను, కలిపింది నువ్వు. దాంట్లో సగం నాది, ఒప్పుకుంటాను. ఈ తొమ్మిదేళ్లూ మాత్రం అచ్చంగా నీవే. ఈ కప్పు కిందే పిల్లల్ని పడుకోబెట్టాను. ఒక్క మాట చెబితే ఆనాడే తీయించేదాన్ని కదా!"

ఆమె లోపలికి వెళ్లి నిచ్చెన తెచ్చి గోడకు ఆనించింది. "ఊఁ, ఎక్కు."

సాయంత్రానికి వాసాలు గోడ దాకా కోసి, కొసలు మోకులతో బిగించాడు. వసారా వేరే స్తంభాల మీదికి దిగింది. మర్నాడు గాలి వచ్చింది. చెల్లెలూ బావా పిల్లలూ లోపల గోడలకు ఆనుకుని కూర్చుంటే, అతనొక్కడే కప్పు వైపు చూస్తూ ఆ మూలకీ ఈ మూలకీ తిరిగాడు. మధ్యాహ్నం వసారా ఫెళ్లున లేచి వీధిలోకి పోయింది. ఇంటి కప్పు కిర్రుమంది, కదల్లేదు.

ఆ తర్వాత మూడు నెలలు చెల్లెలు అతనితో మాట్లాడలేదు. నాలుగో నెలలో కొత్త వసారా వేయాలని బావతో కబురు పెట్టింది. వెళ్లాడు. పని సాగినంతసేపూ ఆమె నిచ్చెన కిందే నిలబడింది.

"ఆ ముడి ఎందుకలా వేశావు?"

చెప్పాడు.

"స్తంభం లోపలికి వంచావేం?"

అదీ చెప్పాడు. అర్థం కాలేదంటే కిందకి దిగొచ్చి మళ్లీ చెప్పాడు. ఇంకా సగం వాసాలు మిగిలే ఉన్నాయి.

"సరే, తర్వాతది?" అంది ఆమె.