తొంభై దాటని రేడియో

ఎంబాలే పట్నం టాక్సీ స్టాండులో నబిఫో ఒక్కతే ఆడ డ్రైవరు. ముక్కు మీద కోపం, పట్టుకుంటే వదలని మొండితనం. ఆమె తెల్లకారు జపాన్ నుంచి దిగిన పాత బండి. అందులోని రేడియో ఆ దేశపు లెక్కకి చేసింది, ఎఫ్ఎం ముల్లు తొంభై దాటి ఒక్క స్టేషనూ పట్టదు. చావుకబుర్లు చదివే స్టేషనేమో తొంభైకి పైన. సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాని రోజులవి. ఎవరు పోయినా, ఎప్పుడు పూడ్చేదీ రేడియోలో చదవాల్సిందే.

అన్న నగిమేసి పోయిన కబురూ అలాగే చదివారు. ఆ రోజంతా నబిఫో కారులోనే ఉంది, వినలేదు. మర్నాడు ఎవరో చెప్తే ఊరికి వెళ్లేసరికి మట్టి కప్పేశారు. "చక్రాల మీద తిరిగేదానివి, అన్న చావుకి రావడానికి తీరిక లేకపోయిందా?" అన్నారు పెద్దలు. ఆమెకి తల కొట్టేసినట్టయింది. ఇంకో చావు తనకి తెలియకుండా పోకూడదని గట్టిగా అనుకుంది.

ఏరియల్ తీగకీ రేడియోకీ మధ్య తగిలించే చిన్న డబ్బా ఒకటి బజార్లో దొరుకుతుంది. పై స్టేషన్లని కిందికి దించి రేడియోకి అందిస్తుంది. కానీ దానికి కరెంటు కావాలి. స్టాండు పక్కనుండే మెకానిక్, ఆ డబ్బాకున్న ఎర్రతీగని ఎప్పుడూ కరెంటుండే తీగకి ముడేసి చేతులు దులుపుకున్నాడు. రేడియో కట్టేసినా డబ్బా కరెంటు తాగుతూనే ఉంది. ఆదివారం బండి తీయలేదు, సోమవారానికి ముసలి బ్యాటరీ చచ్చి కూర్చుంది. బండి తోస్తూ డ్రైవర్లు పడీ పడీ నవ్వారు. పక్కవాడి బండి ఆగితే నవ్వడానికి మాత్రం ఎవరికైనా ఓపికుంటుంది.

నబిఫో మళ్లీ ఆ మెకానిక్ మొహం చూడలేదు. తనే రేడియోని తీగలు ఊడకుండా బయటికి లాగింది. చిన్న బల్బుకి రెండు తీగలు కట్టి, ఒకటి కారు ఇనుముకి ఆనించి, రెండోదాన్ని రేడియో వెనక తీగలకి ఒక్కొక్కదానికీ తాకిస్తూ పోయింది.

"అక్కా, రేడియోకి ఆపరేషనా? బతుకుద్దా?" కిటికీలో తల దూర్చి అడిగాడు వమింబి. స్టాండు మొత్తానికి నోరున్న డ్రైవరతను.

"నీ నోరు మూతపడితే బతుకుద్ది. జరుగు, వెలుతురు రానీ."

ఒక నీలం తీగ దగ్గర, రేడియో వేస్తే బల్బు వెలిగింది, కట్టేస్తే ఆరింది. ఆమె వెతుకుతున్నది అదే. ఎర్రతీగని దానికి కలిపింది. డబ్బా నల్లతీగని కారు ఇనుముకి బిగిస్తే రేడియో బరబరమంది. రంగు అడ్డొస్తోందని, మర కింద దాన్నంతా చాకుతో గీకి మళ్లీ బిగించింది. ఈసారి మనిషి గొంతు పలికింది, స్పష్టంగా.

"ఓర్నీ, పలికిందే!" వమింబి చప్పట్లు కొట్టాడు. "ఇంకేం, ఊళ్లో చావులన్నీ నీవే అక్కా!"

రేడియో చదువుకుపోతోంది. "బుదదిరి వాసి కుటోసి గారు నిన్న సాయంత్రం కన్నుమూశారు. ఈ మధ్యాహ్నం రెండింటికి పూడ్చిపెడతారు. మేనల్లుడు వమింబి, ఎంబాలేలో టాక్సీ డ్రైవరు, ఎక్కడున్నా వెంటనే రావలెను."

వమింబి చేతులు అలాగే ఆగిపోయాయి. అతన్ని పెంచినవాడు ఆ మేనమామే. జేబులోంచి కారు తాళాలు తీయబోతే వేళ్లలో నిలవక కింద పడ్డాయి.

నబిఫో అవతలి తలుపు తీసింది. "ఎక్కు. ఆ చేతుల్తో నువ్వు బండి నడపొద్దు."

"అందుకుంటామా అక్కా?"

"అందుకుంటాం."

ఊరు దాటాక, వినలేక, వమింబి రేడియో కట్టేయబోయాడు. నబిఫో అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనీ తమ్ముడూ. ఇంకా పేర్లు చదువుతున్నారు."