కరుణక్క రాసిన పేజీ

దెయ్యాలంటే నాకు నమ్మకం లేదు. లేదు అని రాయాలో, ఉండేది కాదు అని రాయాలో ఇప్పుడు తేల్చుకోలేకపోతున్నాను. నాది కంప్యూటర్ల పని. యంత్రం తాను చేసిందంతా ఎక్కడో ఒకచోట రాసుకుంటుంది, వెతికితే కారణం దొరుకుతుంది అని పదిమందికీ చెప్పినవాణ్ణి. ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే ఎకసెక్కాలాడి నోరు మూయించేవాణ్ణి.

స్మార్ట్‌ఫోన్లు అప్పుడప్పుడే అందరి చేతుల్లోకి వస్తున్న రోజులు. విజయనగరం జిల్లాలో ఒక జూట్ మిల్లులో పనిచేసేవాణ్ణి. అక్కడ కంప్యూటర్లన్నీ లైనక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీద నడిచేవి. లైసెన్సు కొనక్కర్లేదని యాజమాన్యం పెట్టించింది. ఏదైనా పాడైతే ఫోన్ చేసి పిలవడానికి కంపెనీవాళ్లంటూ ఎవరూ ఉండరు. మా తిప్పలేవో మేమే పడాలి. మేమంటే ఇద్దరం. నేను, నాకంటే ఆరేళ్లు పెద్దదైన కరుణక్క.

కరుణక్కది గజపతినగరం, బాప్టిస్టు చర్చి కుటుంబం. తండ్రి లేడు, పెళ్లి చేసుకోలేదు, తల్లీ కూతురూ ఉండేవారు. నేను చేరిన కొత్తలో టైపు కొట్టడం తప్ప నాకేమీ రాదు. "ఒరే తమ్ముడూ, బెదిరిపోకు. తెర మీద ఏటొచ్చినా ముందు సదువు, తరవాత సెయ్యెట్టు" అనేది.

ఆమెకో అలవాటు ఉండేది. ఏ చిక్కు వచ్చినా, అది తీరాక సర్వర్‌లో ఒక పేజీ రాసేది. ఏం జరిగింది, ముందు ఎక్కడ చూడాలి, ఏ కమాండ్ కొట్టాలి, ఏది పొరపాటున కూడా కొట్టకూడదు. ఇంటర్నెట్‌లో ఎక్కడెక్కడో వెతికి పట్టుకున్నదంతా మా మిల్లుకు సరిపోయేలా తెలుగులో. చివర ఎప్పుడూ ఒకటే వరుస, 'ఎవరి పని ఆగింది' అని. దాని పక్కన స్పిన్నింగ్ అప్పలనర్సమ్మ అనో, గేటు సూర్నారాయణ అనో పేరు. ఇదెందుకక్కా అంటే, "మనిషి పేరుంటే రేపు ఎవులు సదివినా బద్దకించరు" అంది. అలా వందల పేజీలయ్యాయి.

తర్వాత ఆమె కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండు రోజులు డయాలసిస్. ఆ ఏడాదే మేనేజరు నన్ను పిలిచి, మా సెక్షన్‌కి ఇక ఒక్కరు చాలన్నాడు. ఆ పేజీలన్నీ ఎవరు రాశారని అడిగాడు. ఆ రోజు కరుణక్క ఆసుపత్రిలో ఉంది.

"నేనే సార్" అన్నాను.

ఇంట్లో నెలల పాప ఉంది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. పోనీ అంతటితో ఆగానా? సీటు దగ్గరికొచ్చి, ఒక్క కమాండ్‌తో అన్ని పేజీల్లోనూ ఆమె పేరు తీసి నా పేరు పెట్టాను. ఆ చివరి వరుసలు చూస్తే మిల్లులో ఎవరైనా గుర్తుపడతారని అవీ తీసేశాను. ఆ కమాండ్ కూడా ఆమె నేర్పిందే. అర నిమిషం పట్టలేదు.

ఆమెను తీసేశారు. కరుణక్క నన్నేమీ అడగలేదు. టిఫిన్ బాక్సు సంచిలో పెట్టుకుని, "సర్వర్‌ని సూసుకో తమ్ముడూ" అంది. నేను తల ఎత్తలేదు. ఆమె లాగిన్ కూడా నా చేత్తోనే తీసేశాను. ఎనిమిది నెలలకు ఆమె చనిపోయింది. సమాధి కార్యక్రమానికి వెళ్లలేదు, జ్వరమని చెప్పాను. సిగ్గులేని బతుకు.

ఆ తర్వాతి వేసవిలో మిల్లుకు కొత్త సర్వర్ వచ్చింది. వారం తిరక్కుండానే ఒకరోజు పొద్దుటి షిఫ్టు వేళకి అది లేవలేదు. అది లేస్తే గానీ గేటులో వేలిముద్ర పడదు, వేలిముద్ర పడందే ఎవరినీ లోపలికి పంపరు. ఎండెక్కింది. బయట జనం కేకలు. గంటన్నర గింజుకున్నాను. పేజీల కాపీ ఒకటి నా డెస్క్‌టాప్‌లో ఉండేది. ఎర్రర్ నంబరు పెట్టి రెండుసార్లు వెతికితే ఏమీ రాలేదు. ఎలా వస్తుంది, ఆ మోడలే మాకు కొత్త.

మూడోసారి ఒక పేజీ వచ్చింది.

పైన మా కొత్త సర్వర్ మోడల్ పేరు. రాసినవారు కరుణ. ముందు ఏం చూడాలి, ఏది కొట్టాలి, ఏది కొట్టకూడదు. నేను గంటన్నరగా కొడుతున్నది ఆ కొట్టకూడనిదే. చివర 'ఎవరి పని ఆగింది' అన్నచోట 'నాది' అని ఉంది.

అందులో ఉన్నట్టే చేశాను. సర్వర్ లేచింది. గేటు తెరిచారు.

ఆ పేజీ ప్రింటు ఇప్పటికీ నా దగ్గరుంది. ఫైలు తయారైన తేదీ ఆ పొద్దుటిదే. దాన్ని రాసిన లాగిన్ ఆమెది, నేను ఏనాడో తీసేసినది. ఎవరో ఆటపట్టించారనుకుందామంటే, మిల్లులో ఆ పని తెలిసినవాడు నేను తప్ప లేడు. నేనే రాసి మరిచిపోయానేమో అని కూడా ఆలోచించాను. నాకే వస్తే గంటన్నర ఎందుకు గింజుకుంటాను?

ఆ మధ్యాహ్నమే మేనేజరుకు నిజం చెప్పాను. "పోయిన మనిషి గొడవ ఇప్పుడెందుకయ్యా, వెళ్లి పని చూసుకో" అన్నాడు. అన్ని పేజీల్లో ఆమె పేరు మళ్లీ పెట్టాను. తీసేసిన వరుసలు మాత్రం దొరకలేదు.

ఆదివారం గజపతినగరం వెళ్లాను. తల్లికి చెప్పి కాళ్లు పట్టుకుందామని. నేనెవరో చెప్పగానే ఆవిడ కుర్చీ తుడిచి వేసింది.

"నువ్వా బాబూ రమణవి! కూకో, కూకో. టీ ఎడతాను. ఎందుకు తీసేసినారే అంటే అది ఏటీ సెప్పనేదు బాబూ. మిల్లోళ్లే సెప్పినారు, పనంతా నువ్వే సేసీవోడివంట. దానికంత తెలివేదీ? ఇన్నాళ్లు నీ పక్కనెట్టుకుని నెట్టుకొచ్చినావు. నీ మేలు మరిసిపోలేం" అని నా రెండు చేతులూ పట్టుకుంది.

వచ్చిన పని చెప్పకుండానే టీ తాగి, మళ్లీ వస్తానని చెప్పి బస్సెక్కాను. మళ్లీ వెళ్లలేదు.

ఆ పేజీ ఎలా వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. పోయినేడాది ఆవిడా పోయింది, కూతురికి పని రాదనుకుంటూనే.