వెనక ఇంజిన్‌కు బంతిపూల దండ: యూసుఫ్‌గూడ నుంచి ఫిల్మ్‌నగర్‌కి

రేడియేటర్ లేని కారు మన ఎండల్లో ఎలా బతుకుతుంది? నన్ను బయల్దేరదీసింది ఈ ప్రశ్నే. నేను ఏ కాలేజీలోనూ చదవలేదు, ఇంజిన్లు విప్పి చూసి పని నేర్చుకున్నాను. షూటింగులకు పాత కార్లు కిరాయికిచ్చే యాదగిరన్న దగ్గర డ్రైవర్‌ని. వెనక ఇంజిన్ ఉండే ఆయన పాత గుండ్రటి కారుకి నీళ్లుండవు. ఫ్యాన్ బయటి గాలిని లాగి ఇంజిన్ మీదికి కొడుతుంది, అంతే. దాన్ని ఫిల్మ్‌నగర్ షూటింగుకి తీసుకెళ్లమంటూ అన్న ఒక్క మాటే అన్నాడు: "పైలం రా. గిది పోతే నా దుకాణం బంద్."

ఉదయం ఏడున్నరకి యూసుఫ్‌గూడలో పూజ. సినిమా బండి మొదటిరోజు కొబ్బరికాయ కొట్టనిదే కదలదు. ప్రొడక్షన్ మేనేజర్ ముందు మూత తెరిచి, లోపల స్టెప్నీ టైరు కనిపించేసరికి బిత్తరపోయాడు.

"ఇంజిన్ ఏదయ్యా?"

"వెనకుంది సార్."

"అయితే దండ వెనకే వెయ్యండి. పూజ ఇంజిన్‌కి గానీ స్టెప్నీకా!"

వెనక అద్దం కింద గాలి పోయే సందుల్ని బంతిపూలు పూర్తిగా మూసేశాయి. నాకు తేడా కొట్టింది. అయినా పూజ కదా అని నోరు మూసుకున్నాను. తప్పు నాదే.

కృష్ణానగర్ మీదుగా జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాకా ఎత్తు. పొద్దున్నే పోతే ఇరవై నిమిషాల దారి, ఎనిమిదిన్నర దాటితే గంట అనుకోండి. పూజ ముగిసేసరికి ఎనిమిదిన్నర దాటి, మేం ఆ గంట ట్రాఫిక్‌లోనే పడ్డాం. ఆగుతూ పోతుంటే కాలిన ఆయిల్ వాసన వచ్చింది. పికప్ పడిపోయింది. ఆయిల్ లైటు మిణుకుమంది. ఎడమకు తీసి ఇంజిన్ ఆపేశాను.

పక్క సీట్లోంచి మేనేజర్ అరిచాడు. "హీరో మేకప్ వేసుకుని కూర్చున్నాడు, పోనీ!"

"ఇంజిన్ పట్టేస్తది సార్, ఇగ తిరగది."

"పట్టేస్తే బాగుచేయించుకుంటారు!"

"బండి మీ అయ్యదా?" అనేశాను.

ఆయన ఫోన్ స్పీకర్‌లో పెట్టి యాదగిరన్నకి నా మీద ఫిర్యాదు చేశాడు. అన్న అంతా విన్నాడు. "షాట్ పోతే మళ్ల తీస్తరు సార్. గా ఇంజిన్ పోతే నాకు మళ్ల దొరకది. పోరడు ఆపిండంటే జర ఆగుండ్రి."

వెనక మూత తెరిచాను. పక్కన ఛాయ్ అమ్మే అక్క చెంబుతో వచ్చింది. "నీళ్లు పొయ్యి, సల్లబడ్తది."

"వద్దక్కా, కాలిన లోహం పగుల్తది."

ఫ్యాన్ నోట్లో చెయ్యి దూర్చి పిడికెడు పిడికెడు బంతిరేకులు లాగాను. అక్క ఒకటే నవ్వు. "ఏందిరా, ఇంజన్‌కు పూలు తినవెట్టిన్రా?" మిగిలిన దండ మేనేజరే తీసేశాడు.

నలభై నిమిషాలు, రెండేసి ఛాయ్‌లు. తర్వాత స్టార్ట్ చేస్తే ఆయిల్ లైటు ఆరిపోయింది. పదిన్నరకి ఫిల్మ్‌నగర్ చేరాం. హీరో అప్పుడే నిద్రలేచాడట!

ఆ మాట వినగానే ఒళ్లు మండింది. కానీ ఇంకా మండింది నా మొహమాటం మీద. ఏ దేవుడూ గాలికి అడ్డంగా దండ పెట్టమనలేదు. పెడుతున్నవాళ్లకి చెప్పగలిగినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే. అన్న నా మాట నమ్మి నిలబడ్డాడు, పొద్దున నేనే నా మాట చెప్పలేకపోయాను.

ఇలాంటి బండితో ఎత్తు ఎక్కేవాళ్లు బయలుదేరే ముందు ఒక పని చేయండి. ఇంజిన్ నడుస్తుండగా గాలి సందుల దగ్గర పలచని కాగితం పట్టుకోండి. లోపలికి లాగాలి. లాగకపోతే కదలకండి, పక్కన ఎవరు అరిచినా సరే.