సముద్రం పక్కన తొక్కినాయన

రాసుకో పాపా. పేరు వద్దు, పుంగనూరు సైకిల్ షాపాయన అని రాయి. వయసులో సముద్రం పక్కనే వారం రోజులు సైకిల్ తొక్కాడట. నా పాల సైకిల్‌కి పంచరు వేసిన ప్రతిసారీ గాలిలో చేత్తో ఆ దారి గీసి చూపించేవాడు.

"ఒక పక్క నీళ్ళు, ఒక పక్క సరుగుడు తోపులు. లారీ బయమే ల్యాదమ్మా. మనకూ అట్లా దోవ కావల్ల."

టమాటా లారీ తగిలి నేను పాలక్యాన్లతో సహా కాలవలో పడ్డాక, ఆయనే అర్జీ రాశాడు. నేను ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళతో సంతకాలు పెట్టించాను. చివరికి రోడ్డు పక్కన సైకిళ్ళకని వేరే దారి వేశారు. ఎంత మురిసిపోయానో!

నెల తిరక్కుండానే, షాపు ముందు ఆ దారి నిండా ఆయన అమ్మకానికి తెచ్చిన పాత మోటారుసైకిళ్ళు నిలబడ్డాయి.

"ఏమప్పా, ఇది మనం అడిగి ఏపిచ్చుకున్న దోవ గదా?" అన్నాను.

"ఈడ పెట్టకుంటే బండ్లు ఎవురికి కనపడతాయి? రోంత రోడ్డు మీద పోయి మళ్ళా ఎక్కమ్మా," అన్నాడు, నా మొహం చూడకుండా.

దిగి, లారీల పక్కనే సైకిల్ నెట్టుకుంటూ పోయాను. సంతకం పెట్టినామె ఒకతె ఎదురొచ్చి, "ఎవురివక్కా ఆ బండ్లు?" అని అడిగింది.

తెలియదన్నాను. చెప్పడానికి నాకే సిగ్గేసింది పాపా.